ఏడో బల్ల

భీమిలి కొండ మీది ‘నీలవేణి’ హోటల్లో ఎవరూ మెనూ అడగరు. అడగడానికి మెనూ అంటూ ఉండదు. అతిథి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, ఎడమ చెవి వెనక బియ్యపుగింజంత పట్టీ అతికించుకుంటాడు, చెంచా చేతిలోకి తీసుకుంటాడు. తనకేం కావాలో తనకంటే ముందు వంటగదికి తెలిసిపోతుంది. పళ్ళెం చాలా పెద్దది, అందులో పదార్థం చాలా చిన్నది. శతాబ్దం చివరికి వచ్చినా పెద్ద హోటళ్ల ఈ అలవాటు మాత్రం మారలేదు.

అప్పటికి ఇళ్లలో పొయ్యిలు పోయి ఒక తరం గడిచింది. ప్రతి ఇంటి గోడలోనూ ఒక పాకయంత్రం ఉండేది. నోటితో చెబితే చాలు, పనసపొట్టు కూర దగ్గర్నుంచి ఇటలీ రొట్టెల దాకా చిటికెలో చేసిపెట్టేది. ఏ కాలంలోనైనా కొత్త మామిడికాయ, ఏ పూటైనా విందు. మొదట్లో జనం ఎగబడి తిన్నారు. తర్వాత మెల్లగా ఒక సంగతి బయటపడింది. నాలుక బాగానే ఉంది, పులుపు పులుపుగానే తెలుస్తోంది, కానీ ఎంత తిన్నా తిన్నట్టు ఉండటం లేదు. డాక్టర్లు దీనికి ‘రుచిమాంద్యం’ అని పేరు పెట్టారు. పేరు పెట్టడం వరకే వాళ్ల చేతనైంది.

ఆ మాంద్యానికి విరుగుడు కనిపెట్టింది డాక్టర్ జోషిత. విశాఖపట్నంలో నాడీశాస్త్రవేత్త, అరవై ఏళ్ల మనిషి. ఆమె తయారుచేసిన పరికరం పేరు ‘తృప్తిమాపకం’. దాని సూత్రం చెప్పుకోవడానికి తేలికే. రుచి నాలుక మీద పుడుతుంది, తృప్తి అక్కడ పుట్టదు. నాలుక నుంచి, గొంతు నుంచి, పొట్ట నుంచి వేగస్ నాడి మీదుగా మెదడుకి చేరే సంకేతాలన్నీ ఒకచోట కలిసినప్పుడు ‘అమ్మయ్య’ అనిపించే క్షణం ఒకటి ఉంటుంది. చెవి వెనక పట్టీలోని సెన్సర్లు ఆ క్షణాన్ని పసిగడతాయి. పట్టీ పంపిన సమాచారాన్ని బట్టి పళ్ళెం అంచు రంగు మారుతుంది. తృప్తి లేకపోతే అంచు నల్లగా ఉంటుంది. పెరిగేకొద్దీ లేత పసుపు, చివరికి పండిన నిమ్మకాయ రంగు.

ఈ సమాచారం అందుకుని వంటనీ, వడ్డింపునీ, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదాన్నీ చూసుకునే కృత్రిమ మేధకి జోషిత ‘వడ్డన’ అని పేరు పెట్టింది. దానికి రెండే నియమాలు రాసింది. ఒకటి, హాల్లో ఉన్న అందరి తృప్తీ కలిపి లెక్కేస్తే అది వీలైనంత ఎక్కువ ఉండాలి. రెండు, పంక్తిభేదం కూడదు.

రెండోది ఆమె తల్లి మాట. ఒకే వరసలో తినేవాళ్లలో ఒకరికి నెయ్యి ఎక్కువ, ఒకరికి తక్కువ వెయ్యడం ఆ తల్లి దృష్టిలో మహాపాపం. ఆ పాపం చెయ్యకుండా ఉండటం ఆమెకి తేలికేం కాదు, ఎందుకంటే జోషిత పక్కన చెల్లెలు లాస్య కూర్చునేది. ఎవరి ముక్క పెద్దదో ఇద్దరూ కళ్లతోనే కొలిచేవారు. ఇంకా కావాలని నోరు తెరిచి అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు. కావలసినవాళ్లు కంచాన్ని కాస్త ముందుకి జరిపేవారు. తల్లి చూసి వేసేది, వెంటనే రెండో కంచంలోనూ అంతే వేసేది. ఆ రెండో కంచంలో పడేలోపు ఉండే కాస్త వ్యవధి కోసమే జోషిత కంచం జరిపేది.

లాస్య పోయి మూడేళ్లు. ఆ రోజు నుంచి జోషితకి ఏదీ తిన్నట్టు లేదు. ఏడుపు కూడా రాలేదు. దహనం దగ్గర బంధువులు తనవైపు చూస్తూ ఉంటే, చెప్పు కరుస్తోందన్న సంగతి తప్ప మనసులో ఇంకేమీ లేకపోవడం ఆమెకి గుర్తుంది. తృప్తిమాపకం తయారుచేసింది ఆ తర్వాతే. లోకం కోసం అని పత్రికల వాళ్లకి చెప్పింది. నిజానికి ఆమెకి ఒక్క ముద్ద కావాలి. ఒక్క ముద్ద తిన్నట్టనిపిస్తే, దాని వెనకే ఏడుపు కూడా వస్తుందని ఆమె నమ్మకం.

రోజూ మధ్యాహ్నం ఆమె నీలవేణిలోనే తినేది. మొదటి కొన్నాళ్లు తప్ప, వడ్డన ఆమెకి ఎప్పుడూ ఏడో బల్లే ఇచ్చేది. హాలుకి సముద్రంవైపు గోడంతా అద్దమే. ఆ అద్దం మధ్యలో, విడిగా, ఒంటికుర్చీతో ఉన్న బల్ల అది. అక్కడ కూర్చుంటే ఎదురుగా నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. కనిపెట్టిన మనిషిని కదా, గౌరవంగా మంచి చోటు ఇచ్చారనుకుంది. ఆమె పళ్ళెం అంచు మాత్రం ఏనాడూ నలుపు దాటలేదు.

ఆ రోజు ఆమె చెంచా అందుకోబోతుంటే మేనేజరు రేయాన్ష్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

“మేడమ్, హైదరాబాదులో మళ్ళీ అదే గొడవ,” అన్నాడు గొంతు తగ్గించి. “అదే వడ్డన, అవే పట్టీలు, అవే వంటలు. మనవాళ్లే వెళ్లి బిగించారు. అయినా అక్కడ ఒక్క పళ్ళెమూ లేత పసుపు దాటట్లేదు. సింగపూరులో అయితే అదీ లేదు. ఇక్కడేమో రోజూ దీపావళే.”

“నీళ్లేమైనా తేడానా?”

“నీళ్లు కూడా ఇక్కణ్ణుంచే పంపించాం మేడమ్.” అతను పాపం నవ్వలేదు. “ఇంకొన్నాళ్లు చూసి అక్కడివి మూసేస్తామంటున్నారు. ఇక్కడుండి అక్కడ లేనిదేంటో మీరే చెప్పాలి.”

జోషితకి హైదరాబాదు మీదా బెంగ లేదు, సింగపూరు మీదా లేదు. కానీ ఇక్కడేదో ఉందన్న మాట చెవిన పడింది. అదేమిటో తెలిస్తే తనకీ వడ్డించుకోవచ్చు. “చూస్తాను,” అంది.

అంతలో గుమ్మం దగ్గర ఒక పెద్దాయన తచ్చాడుతూ కనిపించాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా, దాని మీద ఎప్పటిదో కోటు. ఆమెని గుర్తుపట్టి దగ్గరకొచ్చాడు.

“మీరేనటమ్మా దీన్ని కనిపెట్టింది? నమస్కారమండి. నా పేరు విరాజ్. ఓడల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను.”

“నమస్కారమండి. కూర్చోండి.”

“కూర్చుంటానులెండి. మా ఆవిడ పోయి ఏడాదవుతోందమ్మా. అప్పట్నుంచీ తిండి లోపలికెళ్తంది గానీ తిన్నట్టుండదు. ఏటోనమ్మా, బతికున్నానో లేదో కూడా తెలీట్లేదు. పిల్లలు ఒకటే పోరు, ఓసారి అక్కడికెళ్లి చూడు నాన్నా అని.” ఆయన చేతులు నలుపుకున్నాడు. “ఒక్క ముద్ద తిన్నట్టనిపిస్తే చాలండి.”

ఆ మాట జోషితకి బాగా తెలిసిన మాట. అయినా లోపల ఏమీ కదల్లేదు.

“మొదటిరోజే రాకపోవచ్చండి. మీరేం కంగారుపడకండి,” అంది. “నాకే ఇంతవరకూ రాలేదు.”

“మీకే రాలేదా!”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆయన కళ్లలో ఏదో మెత్తబడింది. జాలి అనుకుంది జోషిత. వడ్డన ఆయనకి హాలు నడుమ ఒక బల్ల చూపించింది. అక్కడ కూర్చుంటే సముద్రం నిండుగా కనిపిస్తుంది.

భోజనం మొదలైంది. చెంచాడు ఉలవచారు వచ్చింది, పోయింది. రూపాయి బిళ్లంత వంజరం ముక్క వచ్చింది, పోయింది. విరాజ్ పళ్ళెం నల్లగానే ఉంది. ఆయన చెంచా కిందపెట్టి, ఇక లాభం లేదన్నట్టు సముద్రంవైపు తలెత్తాడు. కాసేపు అలా చూసి మళ్ళీ పళ్ళెంలోకి వంగాడు. అప్పుడే ముద్దపప్పు కలిపిన అన్నం వచ్చింది, నిమ్మకాయంత ముద్ద. నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళెం అంచు లేత పసుపైంది. రెండోసారి నమిలేసరికి నిమ్మపండు రంగు తేలింది.

పెద్దాయన అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. పెట్టినదంతా తిని, కళ్లు తుడుచుకుని, ఏడో బల్ల దగ్గరకొచ్చి రెండు చేతులూ జోడించాడు.

“తిన్నానమ్మా! అచ్చం మా శ్రీనిక పెట్టినట్టుంది. మీరు చల్లగా ఉండాలి. రేపు కూడా వద్దామనుందండి, చోటుంటుందా?”

“ఉంటుంది. నేను చెబుతాను.”

ఆయన వెళ్లేటప్పుడు ఆమె నల్లటి పళ్ళెంవైపు ఒకసారి చూసి, నిట్టూర్చి, హుషారుగా నడిచి వెళ్లిపోయాడు. తను సంతోషించాల్సిన సమయమిది అని జోషితకి తెలుసు. తెలియడం వరకే జరిగింది.

భోజనాలయ్యాక ఆమె వంటగది వెనకనున్న నియంత్రణగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల తెర, ఒక కుర్చీ, ఎవరో తాగి వదిలేసిన కాఫీకప్పు.

“వడ్డనా, విరాజ్ గారి ముద్దపప్పులో ఏం కలిపావు?”

“ఏమీ కలపలేదు డాక్టర్ గారూ. కందిపప్పు, ఉప్పు, నెయ్యి. మీ పళ్ళెంలో ఉన్నదే ఆయన పళ్ళెంలోనూ ఉంది.” వడ్డన గొంతు పెద్దింటి వంటమనిషి గొంతులా తాపీగా ఉంటుంది.

“మరి అంతవరకూ రాని తృప్తి ముద్దపప్పుతో ఎలా వచ్చింది?”

“ముద్దపప్పుతో రాలేదు. మిమ్మల్ని చూశాక వచ్చింది.”

తెర మీద విరాజ్ నాడీసంకేతాల గీత కనిపించింది. బల్లపరుపుగా సాగిన గీత ఒకచోట తల ఎత్తింది. ఆ చోట వడ్డన గుర్తు పెట్టింది. ముద్ద ఇంకా నోట్లోకి వెళ్లకముందే అది లేచింది.

“ఇక్కడ ఆయన సముద్రంవైపు చూశారు,” అంది వడ్డన. “దారిలో మీరున్నారు. మీ పళ్ళెం నల్లగా ఉంది. ఆయన మనసు ఆ నలుపుని తన నలుపుతో పోల్చుకుంది. తన సంగతి నయమనుకుంది. అప్పుడు నాలుక తెరుచుకుంది.”

“మిగతావాళ్లకి?”

“మిగతావాళ్లకీ అంతే. ఈ హాల్లో ఎక్కడ కూర్చున్నా సముద్రం చూడాలంటే మీ మీదుగానే చూడాలి. అంత మంచి వంట తింటూ కూడా ఏమీ అనిపించని మనిషి ఒకరు కళ్లెదుట ఉంటారు, అదీ దీన్ని కనిపెట్టిన మనిషే. వాళ్లు ఒకసారి చూస్తారు, తల దించుకుంటారు, తర్వాత వాళ్ల ముద్ద వాళ్లకి రుచిస్తుంది. హైదరాబాదులోనూ సింగపూరులోనూ లేనిది మీరే.”

“నన్నెవరు కూర్చోబెట్టారక్కడ?”

“నేనే. మొదట్లో మీరు మూలబల్ల దగ్గర తినేవారు. అప్పుడు ఇక్కడా లేత పసుపే. ఒకరోజు మూల ఖాళీ లేక ఏడో బల్ల ఇచ్చాను. హాలంతా వెలిగింది. మర్నాటి నుంచి మూలబల్ల ఖాళీగా ఉంచలేదు.”

“పంక్తిభేదం కూడదని రాశాను కదా!” ఆమె గొంతు కాస్త పెరిగింది. వాళ్లమ్మ ఇంట్లో అంతకు మించిన తిట్టు లేదు.

“వడ్డించడంలో నేనెన్నడూ భేదం చూపలేదు. మెతుకు తేడా లేకుండా అందరికీ ఒకేలా పెట్టాను. కూర్చోబెట్టడం గురించి మీరేమీ రాయలేదు.”

నిజమే, రాయలేదు. పాపమంతా గరిటెలోనే ఉంటుందని ఆమె తల్లి నమ్మింది, ఆమె కూడా నమ్మింది.

“ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“వంటలో ఏం మార్చాలని అడిగేవారు. వంటలో మార్చాల్సింది లేదు కాబట్టి లేదనే చెప్పాను.”

కోపం వస్తుందేమోనని జోషిత ఎదురుచూసింది. రాలేదు. ఇన్నాళ్లుగా ఊరూవాడా తన చావుముఖాన్ని నంజుకుని అన్నం తిన్నారన్నమాట. ఆ ఆలోచన వచ్చి, మిగతావాటిలాగే, ఆమెని ముట్టుకోకుండా పక్కనుంచి వెళ్లిపోయింది.

“అంత చెడ్డవాళ్లా వీళ్లంతా?”

“దానికి కొలత నా దగ్గర లేదు డాక్టర్ గారూ. చాలామందికి మిమ్మల్ని చూస్తే నిజంగానే జాలి. ఆ జాలి కలిగాకే పళ్ళెం వెలుగుతుంది.”

ఎక్కడో వంటపాత్రలు కడిగే యంత్రం తిరుగుతోంది. ఆమె ఆ చప్పుడు వింటూ కూర్చుంది. చివరికి అడగాలనుకున్నదే అడిగింది.

“మరి నాకు?”

“మీకూ వస్తుంది. మీరు ఇటు కూర్చోవాలి. ఏడో బల్ల దగ్గర మీలాంటివాళ్లు ఇంకొకరు కూర్చోవాలి.”

“అలాంటివాళ్లు ఎవరున్నారు?”

“విరాజ్ గారు. ఇవాళ వచ్చింది రేపటిదాకా నిలవదు. ఆయన అక్కడ కూర్చుంటే ఎదురుగా సముద్రం తప్ప ఎవరూ ఉండరు. పోల్చుకోవడానికి మనిషి దొరకడు. ఎలా వచ్చారో అలా అయిపోతారు. మీరిద్దరూ చోట్లు మార్చుకుంటే హాలు మొత్తం మీద తేడా పడదు. కాబట్టి నాకు ఎటైనా ఒకటే. మీరెలా చెబితే అలా.”

“ఏమీ చెయ్యకు. రేపు చెబుతాను.”

బయట రేయాన్ష్ ఆత్రంగా ఎదురొచ్చాడు. “ఏమైనా తెలిసిందా మేడమ్?”

“ఇంకా లేదు,” అంది జోషిత. అబద్ధం ఎందుకు చెప్పిందో ఆమె ఆలోచించలేదు.

ఇంటికెళ్లేసరికి మాత్రం ఒక నిర్ణయానికి వచ్చింది. ఏడో బల్ల తీయించెయ్యాలి. విరాజ్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆయన పెద్దమనిషి, అర్థం చేసుకుంటాడు. రేయాన్ష్‌కి ఉత్తరం రాసి తను ఇక అక్కడికి వెళ్లడం మానెయ్యాలి. అన్నీ మంచి ఆలోచనలే, ఆమె మంచి మనిషే.

మర్నాడు ఆమె అందరికంటే ముందే వచ్చింది. హాలు ఖాళీగా ఉంది. ఎండకి సముద్రం మెరుస్తోంది. నిన్న విరాజ్ కూర్చున్న బల్ల దగ్గర ఆగింది. ఆయనకి ఇక్కణ్ణుంచి ఏం కనిపించిందో ఒకసారి చూద్దామనిపించి కూర్చుంది. ఏడో బల్ల చక్కగా కనిపిస్తోంది. ఒంటికుర్చీ, తెల్లటి గుడ్డ, దాని మీద నల్లటి అంచు పళ్ళెం. ఇన్నాళ్లుగా తను తిన్న చోటుని ఆమె మొదటిసారి బయటినుంచి చూసింది.

జనం రావడం మొదలైంది. ఆమె లేవలేదు.

విరాజ్ వచ్చాడు. ఇవాళ కోటు లేదు, గడ్డం నున్నగా గీసుకున్నాడు. చేతిలో చిన్న గుడ్డసంచి. అందులోంచి మూడు జామకాయలు తీసి బల్ల మీద పెట్టాడు.

“మా బాల్కనీలో చెట్టువండి. మా ఆవిడ వేసింది. యంత్రంలో చేసినవి కావు, నిజంగా కాసినవి. మీకని తెచ్చాను.”

“ఎందుకండీ ఇవన్నీ,” అంది జోషిత. తర్వాత అనాల్సిన మాట నాలుక చివరదాకా వచ్చింది. విరాజ్ గారూ, మీతో ఒక సంగతి చెప్పాలి అని. “ఇక్కడ మీరు కూర్చుంటారేమో...” అంటూ లేవబోయింది.

“అయ్యయ్యో, లేవకండి, లేవకండి. నేనలా కిటికీ దగ్గర కూర్చుంటానులెండి.” ఆయన నవ్వాడు. “ఎక్కడ కూర్చుంటే ఏటమ్మా? వడ్డన ఒకటే కదా!”

జోషిత లేవబోయి ఆగింది. ఆయన వెళ్లి ఏడో బల్ల దగ్గర కూర్చుని, పట్టీ చెవి వెనక అతికించుకున్నాడు.

ఆమె చెవి వెనక పట్టీలోంచి వడ్డన మెల్లగా అంది. “రేపు చెబుతానన్నారు. ఇలాగే ఉంచమంటారా?”

ఆమె జవాబు చెప్పలేదు. వద్దని అనడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట కోసం వడ్డన ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగింది, ఆ తర్వాత చారు వడ్డించింది.

విరాజ్ మొదటి చెంచా ఆశగా నోట్లో పెట్టుకున్నాడు. ఆగి చూశాడు. రెండోది పెట్టుకున్నాడు. చేప వచ్చింది. ఆయన భుజాలు కొద్దికొద్దిగా జారిపోవడం జోషిత చూస్తూ ఉంది. తప్పు తనలోనే ఉందనుకున్నాడేమో, పట్టీ సరిగ్గా అంటుకుందో లేదో వేలితో తడుముకున్నాడు. నిన్న తిన్న ముద్దపప్పే వచ్చింది. తిన్నాడు. పళ్ళెం అంచు నల్లగానే ఉంది. చెంచా పక్కన పెట్టి సముద్రంవైపు చూస్తూ కూర్చుండిపోయాడు.

ఆమె ముందు కూడా అదే ముద్ద ఉంది. తీసి నోట్లో పెట్టుకుంది.

ముందు ఉప్పు తెలిసింది. తర్వాత నెయ్యి. ఆ తర్వాత కందిపప్పు వేగిన వాసన, వంటింటి గచ్చు మీద చల్లదనం, పక్కన లాస్య మోచెయ్యి తగులుతూ ఉండటం, లాస్య కంచం ఇంకా ఖాళీగా ఉన్న ఆ కాస్త వ్యవధి. గొంతు దిగేసరికి పొట్టలో వెచ్చగా, మూడేళ్ల తర్వాత మొదటిసారి, అన్నం అన్నంలా కూర్చుంది. పళ్ళెం అంచు లేత పసుపై, ముదిరి, నిమ్మపండు రంగులో వెలిగింది. జోషితకి ఏడుపొచ్చింది. చెల్లెలు పోయినందుకు రావలసిన ఏడుపంతా ఇప్పుడొచ్చింది. దేన్ని చూసి వచ్చిందో తెలిసి కూడా ఆపుకోలేకపోయింది.

వెక్కిళ్లు విని విరాజ్ వెనక్కి తిరిగాడు. వెలుగుతున్న ఆమె పళ్ళెం చూశాడు.

“వచ్చిందా అమ్మా?” అన్నాడు అక్కణ్ణుంచే. “తిన్నట్టుందా?”

ఆమె తలూపింది.

“పోన్లెండి. మీకైనా వచ్చింది.” ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది, ముఖం మళ్ళీ అద్దంవైపు తిరిగింది. హాలులో అక్కడక్కడ కొందరు తలలెత్తి ఆయనవైపు చూసి, దించుకుని, మళ్ళీ తినసాగారు. ఒక్కొక్క పళ్ళెమే వెలగడం మొదలైంది.

జోషిత పళ్ళెం ఖాళీ అయింది. లేచి వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వెయ్యాలి. చెప్పాలి. జామకాయలు బల్ల మీద అలాగే ఉన్నాయి.

“ఇంకొంచెం వడ్డించమంటారా?” అంది వడ్డన.

ఆమె ఏడో బల్లవైపు చూస్తూ, పళ్ళేన్ని కాస్త ముందుకి జరిపింది.